కదిలే బండి కంటే ముందు నిలిచిన కారు

వరంగల్ కొత్తవాడలో నేసిన జంపఖానా అమ్ముడుపోవాలంటే ముందు కొత్తవాడ దాటాలి. మగ్గం మీది నుంచి దిగిన సరుకును చుట్టలుగా చుట్టి, తాడుతో బిగించి, ట్రాలీ ఆటోకు ఎక్కిస్తారు. ఆటో సందులోంచి బయటపడి పోచమ్మ మైదాన్ వైపు తిరుగుతుంది. అక్కడి నుంచి డ్రైవరు పని బండి నడపడం కాదు, ఆపడం. ఇంజన్ ఆపుతాడు, మళ్లీ స్టార్ట్ చేస్తాడు, నాలుగు గజాలు కదిలి మళ్లీ ఆపుతాడు. వెనక నుంచి ఎంజీఎం ఆసుపత్రికి పోయే అంబులెన్స్ సైరన్ మోగుతుంటుంది. పక్కకు జరుగుదామంటే చోటు లేదు. రోడ్డు వెడల్పు తక్కువై కాదు. ఎడమ పక్కన వరుసగా కార్లు నిలిపి ఉన్నాయి, వాటి పక్కన బైకులు, బైకుల పక్కన పండ్ల బండ్లు. రోడ్డుకు రెండు వైపులా ఇదే తీరు. నాలుగు వరుసల రోడ్డు రెండు వరుసలకు, రెండు వరుసలది ఒకటిన్నరకు కుదించుకుపోయింది.

ఈ జంపఖానాలకు వరంగల్ దర్రీల పేరుతో 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఆ గుర్తింపు సరుకు పేరును కాపాడుతుంది, సరుకు నడిచే దారిని కాపాడదు. రోడ్డు మీద పోయే ప్రతి అరగంటా ఆటో కిరాయిలోకి ఎక్కుతుంది. ఆ కిరాయి తిరిగి తిరిగి నేసినవాడి మజూరీ మీదే పడుతుంది.

పెద్ద నగరాల్లో ఈ సమస్యకు ఒక మందు వాడుతున్నారు. రద్దీ వేళల్లో, రద్దీ ప్రాంతంలోకి వచ్చే వాహనం నుంచి రుసుము తీసుకోవడం ఆ మందు. దాన్ని కంజెషన్ ఛార్జీ అంటున్నారు, తెలుగులో రద్దీ రుసుము అనుకోవచ్చు. లండన్, స్టాక్‌హోమ్, సింగపూర్, న్యూయార్క్ వాడి చూశాయి. హైదరాబాద్‌లో ట్రాఫిక్ మీద చర్చ జరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఈ మాట ఎత్తుతున్నారు. హైదరాబాద్‌కు వచ్చింది కొంత కాలానికి వరంగల్‌కూ వస్తుంది. కాబట్టి ఇది ఎవరికి మేలు చేస్తుందో, ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఇప్పుడే తేల్చుకోవడం మంచిది.

దీని వెనక ఉన్న ఆలోచనను కొట్టిపారేయడానికి లేదు. అమెరికా ఆర్థికవేత్త విలియం విక్రీ 1950ల నుంచే దీన్ని చెబుతూ వచ్చారు. మొదట న్యూయార్క్ సబ్‌వే టికెట్ల గురించి, తర్వాత 1959లో వాషింగ్టన్ రోడ్ల గురించి. రద్దీ లేని వేళలో రోడ్డెక్కిన కారు ఎవరికీ అడ్డం కాదు. అదే కారు ఉదయం తొమ్మిది గంటలకు రోడ్డెక్కితే వెనకున్న వందలాది మందిని తలా కొన్ని క్షణాలు ఆపుతుంది. ఆ నష్టానికి ఖరీదు కట్టే పద్ధతి లేకపోవడం వల్లే రోడ్డు నిండిపోతుందని ఆయన వాదన. 1996లో ఆయనకు ఆర్థిక శాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. ప్రకటన వెలువడిన మూడో రోజున ఆయన కన్నుమూశారు.

కార్లన్నీ ఇంట్లో పెట్టాల్సిన పని కూడా లేదన్నది ఇందులో అసలు కిటుకు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లకు ఇది పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన సంగతి కాదు. సంక్రాంతి వారంలో పంతంగి టోల్‌ప్లాజా దగ్గర కార్లు బారులు తీరుతాయి. అదే వారం పంజాగుట్ట, అమీర్‌పేట హాయిగా దాటొచ్చు. ఊరికి పోయింది జనంలో కొంత భాగమే. ఆ కొంత భాగం తగ్గితే చాలు, మిగతా వాళ్లందరికీ రోడ్డు తిరిగి రోడ్డవుతుంది.

డబ్బు మాట లేకుండా సైబరాబాద్ ఇదే సూత్రాన్ని ఒకసారి అమలు చేసింది. 2023 జులైలో భారీ వర్షాలు పడుతున్నప్పుడు ఐటీ ఉద్యోగులంతా ఒకేసారి రోడ్డెక్కకుండా ట్రాఫిక్ పోలీసులు దశలవారీ లాగౌట్ పెట్టించారు. ఒక ప్రాంతంలోని కంపెనీలు మూడు గంటలకు, ఇంకో ప్రాంతంలోనివి నాలుగున్నరకు, ఇలా వేళలు పంచి ఇచ్చారు. రోడ్లు అవే, కార్లు అవే, మారింది వేళ ఒక్కటే. రద్దీ రుసుము చేయదలచుకున్నదీ అదే పని. పోలీసు ఆదేశం బదులు ధర ఆ పని చేస్తుంది, వాన లేని రోజున కూడా చేస్తుంది.

బయటి అనుభవం చూస్తే, మొదట మొదలుపెట్టింది సింగపూర్. 1975 జూన్ 2న అక్కడ నగర కేంద్రం చుట్టూ గీత గీసి, ఉదయం వేళ లోపలికి వచ్చే కార్లకు రోజుకు మూడు డాలర్ల లైసెన్సు పెట్టారు. కెమెరాలు లేవు, కంప్యూటర్లు లేవు. అద్దం మీద కాగితం అతికించుకుంటే దారి పక్కన నిలబడిన మనిషి చూసి వదిలేవాడు. నలుగురు కలిసి వచ్చే కారుకు రుసుము లేదు. ఆ వేళల్లో లోపలికి వచ్చే వాహనాలు నలభై శాతానికి పైగా తగ్గాయి. 1998లో అది ఎలక్ట్రానిక్ పద్ధతికి మారింది, గంటను బట్టి ధర మారడం మొదలైంది. సింగపూర్ గురించి చెప్పేవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు. ఆ లైసెన్సుతో పాటే నగర కేంద్రంలో పార్కింగ్ ధరలు కూడా పెంచారన్న సంగతి చెప్పరు. తెలంగాణకు పనికొచ్చే పాఠం మాత్రం అందులోనే ఉంది.

లండన్‌లో 2003 ఫిబ్రవరి 17న మేయర్ కెన్ లివింగ్‌స్టన్ ఐదు పౌండ్లతో మొదలుపెట్టారు. మొదటి ఏడాది లోపలికి వచ్చే వాహనాలు దాదాపు 18 శాతం తగ్గాయి, ఆలస్యం 30 శాతం దాకా తగ్గింది. ఆ తర్వాత కథ మారింది. రోడ్ల తవ్వకాలు పెరిగాయి. బస్సులకు, సైకిళ్లకు చోటు ఇచ్చారు. యాప్‌లో పిలిచే క్యాబ్‌లు వేలకు వేలు దిగాయి, వాటికి 2019 దాకా మినహాయింపు ఉంది. ఆలస్యం మళ్లీ పాత స్థాయికి చేరింది. రుసుము మాత్రం ఎనిమిది, పది, పదకొండున్నర, పదిహేను పౌండ్లు దాటి 2026 జనవరి నుంచి పద్దెనిమిదికి పోయింది. మొదటి ఏళ్లలో వసూలైన సొమ్ములో పెద్ద వాటా కెమెరాలకు, సిబ్బందికే ఖర్చయింది. అయినా లండన్‌ను విఫలమైందనలేం. మిగిలిన సొమ్మును రవాణాకే వాడాలని చట్టంలో రాసుకున్నారు, బస్సులు పెంచారు. రుసుము లేకపోతే ఆ రోడ్లు ఇంకెంత అధ్వానంగా ఉండేవో ఊహించుకోవచ్చు.

స్టాక్‌హోమ్ దారి వేరు, బహుశా అన్నిటిలోకీ మర్యాదైన దారి అది. 2006 జనవరి 3 నుంచి జులై 31 దాకా ఏడు నెలలు ప్రయోగంగా వసూలు చేశారు. అంతకు ముందే కొత్త బస్సులు నడిపారు. ప్రయోగం ఆపేసి, సెప్టెంబర్‌లో జనాన్ని ఓటు అడిగారు. మొదలు పెట్టకముందు ఎక్కువ మంది వద్దన్నారు. ట్రాఫిక్ ఐదో వంతు తగ్గడం కళ్లారా చూశాక నగరంలో ఎక్కువ మంది సరేనన్నారు. 2007 ఆగస్టు నుంచి అది శాశ్వతమైంది. ఎడిన్‌బరో 2005లో, మాంచెస్టర్ 2008లో ముందే ఓటు అడిగాయి. రెండు చోట్లా నాలుగింట మూడొంతుల మంది తిరస్కరించారు. చూపించి అడగడానికీ, చెప్పి అడగడానికీ ఉన్న తేడా ఇది.

న్యూయార్క్ అందరికంటే ఆలస్యంగా, 2025 జనవరి 5న మొదలుపెట్టింది. మన్‌హటన్‌లో 60వ వీధికి దిగువన పగటి వేళ కారుకు తొమ్మిది డాలర్లు. మొదట అనుకున్నది పదిహేను. 2024 జూన్‌లో గవర్నరు చివరి నిమిషంలో ఆపి, తగ్గించి తెచ్చారు. న్యూజెర్సీ రాష్ట్రం కోర్టుకెక్కింది, ట్రంప్ ప్రభుత్వం రద్దు చేయబోయింది. అయినా నిలబడింది, తొలి ఏడాదిలో ఆ ప్రాంతంలోకి వచ్చే వాహనాలు దాదాపు పదో వంతు తగ్గాయి. ఎడిసన్, జెర్సీ సిటీల్లో తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. మన్‌హటన్‌లో ఉద్యోగం చేసే వాళ్లు ఏ రైలు ఎక్కుతారో, ఎక్కడ దిగుతారో వరంగల్‌లో ఉన్న తల్లిదండ్రులకు కూడా తెలుసు. రుసుము రాకముందే అక్కడ ఎక్కువ మంది రైల్లోనే పోతున్నారు. కారు దిగినవాడికి ఎక్కడానికి ఇంకొకటి సిద్ధంగా ఉంది కాబట్టే అది సాధ్యపడింది.

మన దేశంలో దీనికి దగ్గరగా వచ్చింది ఢిల్లీ. కాలుష్యం మీద నడిచిన కేసులో 2015 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు, ఢిల్లీలోకి వచ్చే వాణిజ్య వాహనాల మీద పర్యావరణ పరిహార రుసుము వేసింది. చిన్న లారీకి 700, పెద్ద లారీకి 1,300 రూపాయలు. డిసెంబర్‌లో దాన్ని రెట్టింపు చేసింది. ఢిల్లీ మీదుగా పోనక్కర్లేని లారీలు చుట్టు దారి పట్టాలన్నది ఉద్దేశం. ఆ అనుభవంలో రెండు చేదు గుళికలున్నాయి. వసూలైన సొమ్ములో పెద్ద భాగం ఏళ్ల తరబడి ఖర్చు కాకుండా మూలుగుతోందన్న విమర్శ పదే పదే వచ్చింది. కూరగాయలు, పాలు తెచ్చే లారీలకు మొదట మినహాయింపు ఇచ్చారు. లారీలో ఏముందో చూడాలంటే లారీని ఆపాలి. అన్నీ ఆపితే అక్కడే బారులు, అక్కడే పొగ. చివరికి 2025లో ఆ మినహాయింపును సుప్రీంకోర్టే ఎత్తేసింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి, పత్తి సీజన్లలో రోజూ వచ్చే బండ్లను తలచుకుంటే ఈ సంగతి ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

వసూలుకు సాంకేతికత సమస్య కాదు. 2021 ఫిబ్రవరి నుంచి జాతీయ రహదారుల మీద ఫాస్టాగ్ తప్పనిసరి. తిరుమల కొండ ఎక్కే వాహనాలకు కూడా 2025 ఆగస్టు 15 నుంచి అలిపిరి దగ్గర ఫాస్టాగ్ ఉండాల్సిందే. కారుకు అతికించిన బిళ్ల, బ్యాంకు ఖాతా, కెమెరా మూడూ సిద్ధంగా ఉన్నాయి. సిద్ధంగా లేనిది నమ్మకం. తెలంగాణలో పేరుకుపోయిన ట్రాఫిక్ చలాన్ల వసూలు కోసం 2022లో ఒకసారి, 2023 డిసెంబర్‌లో మరోసారి ప్రభుత్వమే రాయితీ ప్రకటించింది. రెండోసారి ద్విచక్ర వాహనాలకు 80 శాతం మాఫీ చేశారు. ఎప్పటికప్పుడు కట్టినవాడు పూర్తిగా కట్టాడు, కట్టకుండా కూర్చున్నవాడు ఐదో వంతుతో బయటపడ్డాడు. ఇలాంటి అలవాటు ఉన్న చోట రద్దీ రుసుము పెడితే, అది కూడా రాయితీ మేళా కోసం ఎదురుచూసే బాకీల్లో ఇంకొకటి అవుతుంది. ఏ కారు ఏ గంటకు ఎక్కడుందో నమోదు చేసే ఈ వ్యవస్థలో సమాచారం ఎన్నాళ్లు దాస్తారు, ఎవరికి ఇస్తారు అన్న ప్రశ్న వేరే ఉంది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది.

ఈ వాదన వచ్చినప్పుడల్లా కారున్నవాళ్లు చెప్పే మాట ఒకటుంది. కొన్నప్పుడు ధరను బట్టి పదమూడు శాతం, ఆపైన లైఫ్ ట్యాక్స్ కట్టాం, పెట్రోలు మీద 35 శాతం వ్యాట్ కడుతున్నాం, హైవే ఎక్కితే టోల్ కడుతున్నాం, ఇంకా ఏం కట్టమంటారు అని. కట్టేది ఎక్కువేనన్నది నిజం. కానీ ఆ పన్నుల్లో ఒక్కటీ రోడ్డు ఎప్పుడు వాడారన్నది చూడదు. లైఫ్ ట్యాక్స్ కట్టి కారును షెడ్డులో పెట్టినవాడూ, రోజూ ఉదయం తొమ్మిదికి హైటెక్ సిటీ ఎక్కేవాడూ ఒకటే కడుతున్నారు. ఇంకో వైపు చూస్తే, కారు లేకుండా వచ్చేవాడి ఖర్చు పెరుగుతూనే ఉంది. 2025 మేలో హైదరాబాద్ మెట్రో గరిష్ఠ టికెట్టును 60 నుంచి 75 రూపాయలకు పెంచారు, విమర్శలొస్తే 69 చేశారు. అక్టోబర్‌లో సిటీ బస్సు టికెట్లు పెరిగాయి. అంతకు ముందు ఏడాది నాగోల్ మెట్రో స్టేషన్ దగ్గర ఉచిత పార్కింగ్ తీసేయబోతే ప్రయాణికులు రోడ్డెక్కారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. బండిని స్టేషన్లో వదిలి రైలెక్కేవాడి దగ్గర డబ్బు అడుగుతూ, అదే బండిని నగరం నడిబొడ్డుకు తెచ్చి రోడ్డు మీద వదిలేవాడిని వదిలేయడం తలకిందుల లెక్క.

ఇక వరంగల్ సంగతికి వస్తే, ఇక్కడ ఇప్పుడు రద్దీ రుసుము పెట్టడం తప్పు. రెండో మాట లేదు.

కాజీపేట, హనుమకొండ, వరంగల్ మూడు ఊళ్లు కలిసి ఒక నగరమయ్యాయి, కలిపే వెన్నెముక మాత్రం దాదాపు ఒక్క రోడ్డే. ఒక పక్క భద్రకాళి చెరువు, గుట్టలు, ఇంకో పక్క రైలు పట్టాలు. స్టేషన్ దగ్గర అండర్ బ్రిడ్జి గట్టి వాన పడితే నీళ్లతో నిండుతుంది. ఇన్నర్, ఔటర్ రింగ్ రోడ్ల మాట ఏళ్లుగా వింటున్నదే. కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా మెట్రో నియో అన్నారు, అది కాగితం దాటలేదు. 2011 జనాభా లెక్కల్లోనే ఎనిమిది లక్షలు దాటిన నగరంలో సొంత బండి లేనివాడికి దిక్కు కొద్దిపాటి సిటీ బస్సులు, కిక్కిరిసిన షేర్ ఆటోలు. ఇలాంటి చోట రోడ్డుకు గేటు కట్టి రుసుము వసూలు చేస్తే మనిషి దారి మార్చుకోలేడు, బండి మార్చుకోలేడు, చాలా మంది వేళ కూడా మార్చుకోలేరు. ఎంజీఎంకు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి రోగిని తెచ్చేవాడు ఏ వేళకు రావాలో ధర పట్టిక చూసి నిర్ణయించుకోడు. ప్రవర్తన మార్చలేని రుసుము రద్దీ రుసుము కాదు. అది ఉత్త పన్ను.

ఇంకో చిక్కు ద్విచక్ర వాహనాలది. రాష్ట్రంలో నమోదైన వాహనాల్లో సుమారు ముప్పాతిక వంతు అవే. లండన్‌లో మోటార్ సైకిళ్లకు రుసుము లేదు. న్యూయార్క్‌లో కారు రుసుములో సగం. సింగపూర్‌లో తక్కువ. వరంగల్‌లో బైకుకు మినహాయింపు ఇస్తే రోడ్డు మీద ఉన్న వాటిలో ఎక్కువ భాగం లెక్కలోకే రాదు, పైగా కారు మానినవాడు బస్సెక్కడం బదులు బైకెక్కుతాడు, ప్రమాదాలు పెరుగుతాయి. బైకుకూ వేస్తే దుకాణంలో గుమాస్తా, మగ్గానికి నూలు తెచ్చుకునే నేతకారుడు, మార్కెట్ హమాలీ అందరూ జేబు తడుముకోవాలి. దేశంలో కారున్న కుటుంబాలు నూటికి ఎనిమిది లోపే. కార్ల వరకే రుసుము వేస్తే అది పేదల మీద భారం కాదన్న మాట అక్షరాలా నిజం. సరుకు బండ్ల మీద వేస్తే మాత్రం ఆ మాట నిజం కాదు. బీట్ బజార్‌కు బియ్యం బస్తాలు తెచ్చే ట్రాలీ కట్టిన రుసుము కిలో లెక్కన వంటింటికి చేరుతుంది.

అయితే చేతులు కట్టుకుని కూర్చోవాలా? అక్కర్లేదు. కదిలే వాహనాల మీద ధర వేయడానికి ముందు, కదలని వాహనాలు రోడ్డును ఉచితంగా ఆక్రమించడం ఆగాలి. వరంగల్‌కే కాదు, హైదరాబాద్‌కు కూడా ఇదే మొదటి మెట్టు.

ఒక చిన్న కారు పొడవు నాలుగు మీటర్ల లోపు, వెడల్పు 1.7 మీటర్ల చిల్లర. తలుపు తీయడానికి, తిప్పడానికి కావలసిన జాగా కలిపి ఒక కారు పార్కింగ్‌కు 23 చదరపు మీటర్లు కావాలని దేశంలో పట్టణ ప్రణాళికల లెక్క. కొత్తవాడలో అంత జాగాలో మగ్గం, దాని పక్కన కండెలు చుట్టే చోటు, సరుకు పేర్చుకునే అరుగు అన్నీ సర్దుకుంటున్న ఇళ్లున్నాయి. ఆ ఇంటికి పన్ను ఉంది, కరెంటు బిల్లు ఉంది, అద్దె ఇల్లయితే నెల తిరిగేసరికి అద్దె ఉంది. జేపీఎన్ రోడ్డులో అంత జాగాను పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా ఆక్రమించిన కారుకు ఏదీ లేదు. వరంగల్ చౌరస్తా పరిసరాల్లో చదరపు గజం ధర ఎంతో అక్కడ దుకాణం కొనడానికి ప్రయత్నించిన ఎవరైనా చెబుతారు. పైగా రోజంతా నిలబడే ఆ కార్లలో చాలా భాగం కొనడానికి వచ్చినవాళ్లవి కావు. అక్కడే వ్యాపారం, ఉద్యోగం చేసేవాళ్లవి. పార్కింగ్‌కు డబ్బు పెడితే బేరాలు పోతాయని భయపడే వ్యాపారులు గమనించాల్సింది ఇదే. గంటకు ధర ఉంటే పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడే కారు వెనక సందులోకో, ఇంటికో పోతుంది. అర్ధగంట పని మీద వచ్చిన కొనుగోలుదారుకు ఆ చోటు దొరుకుతుంది.

ఇది కొత్త సిద్ధాంతమేమీ కాదు. కేంద్ర ప్రభుత్వం 2006లో తెచ్చిన జాతీయ పట్టణ రవాణా విధానమే వాహనాలను కాదు, మనుషులను కదిలించాలని రాసింది. ఆక్రమించిన స్థలం విలువకు తగినట్టు పార్కింగ్ రుసుము ఉండాలని కూడా రాసింది. రెండు దశాబ్దాలుగా ఆ కాగితం అలాగే ఉంది. తెలంగాణలో 2018 నాటి పార్కింగ్ ఉత్తర్వు మాల్స్‌లో మొదటి అరగంట ఉచితం చేసింది. ప్రైవేటు దోపిడీని ఆపడానికి అది అవసరమే. ప్రజల రోడ్డు మీద పార్కింగ్‌కు కూడా అదే ఉత్సాహం చూపాల్సింది, చూపలేదు.

పార్కింగ్ రుసుముకు కెమెరాల గొలుసు అక్కర్లేదు, ఏ కారు ఎటు పోతోందో రాసుకోనక్కర్లేదు. గీత గీయాలి, బోర్డు పెట్టాలి, ఫోన్‌లో కట్టే ఏర్పాటు చేయాలి, గీత దాటిన బండిని తీసుకుపోవాలి. సరుకు దింపే ట్రాలీలకు పొద్దున కొన్ని గంటలు ఉచితంగా ప్రత్యేకం చోటు ఉంచాలి. అంబులెన్స్ దారిలో ఎవరికీ ఏ ధరకూ పార్కింగ్ ఇవ్వకూడదు. దీనికి ఒక షరతు ఉంది. గుత్తేదారుకు వేలం వేసి, ఆయన మనుషులు నోటికొచ్చినంత వసూలు చేసే పద్ధతిలో అయితే వద్దే వద్దు. రేటు బోర్డు లేని చోట ఇరవై అడిగి, బేరమాడితే పదికి దిగే పార్కింగ్ అనుభవం తెలుగు నగరాల్లో అందరికీ ఉంది. అది పన్నుల మీదే ఏవగింపు తెస్తుంది.

సుంకం ఎంతో ముందే రాసి నలుగురికీ కనిపించేలా పెట్టడం ఈ నేలకు కొత్త కాదు. ఓరుగల్లు ఏలిన గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో శాసనం వేయించాడు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాగేసుకునే ఆచారాన్ని ఎత్తేసి, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేదీ తీసుకోబోమని వర్తకులకు అభయమిచ్చాడు. ఏ సరుకుకు ఎంతో రాతి మీద చెక్కించాడు. ఎంత కట్టాలో తెలిసినప్పుడు, అంతకు మించి ఎవరూ అడగరని నమ్మినప్పుడు వర్తకుడు వస్తాడని ఆయనకు తెలుసు. దాదాపు ఎనిమిది వందల ఏళ్ల తర్వాత చౌరస్తాలో పార్కింగ్ బోర్డు పెట్టేవాళ్లు కనీసం ఆ పాటి స్పష్టత పాటించాలి.

బస్సుకు మొదటి దారి ఇవ్వడం కూడా వరంగల్‌కు తెలిసిన విద్యే. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తుంది. ఆ నాలుగు రోజులూ పోలీసులు, ఆర్టీసీ కలిసి రోడ్లను వేరే లెక్కతో నడుపుతారు. ప్రైవేటు వాహనాలకు దారులు వేరు, వాటిని దూరంగా ఉన్న పార్కింగ్ స్థలాల్లో ఆపేస్తారు. ఆర్టీసీ బస్సు మాత్రం గద్దెల దగ్గరిదాకా పోతుంది. 2024 జాతరకు ఆర్టీసీ ఆరు వేల బస్సులు నడిపింది. కారులో పోయినవాడు కిలోమీటర్లు నడుస్తాడు, బస్సులో పోయినవాడు అమ్మవార్ల ముందు దిగుతాడు. ఇది అన్యాయమని ఎవరూ ధర్నా చేయలేదు. ఎక్కువ మందిని మోసే బండికి ముందు దారి అన్న న్యాయాన్ని కోటి మంది జాతరలో ఒప్పుకున్న సమాజం, పోచమ్మ మైదాన్ నుంచి హనుమకొండ చౌరస్తా దాకా ఎందుకు ఒప్పుకోదు?

2023 డిసెంబర్ 9న మొదలైన మహాలక్ష్మి పథకంతో తెలంగాణలో మహిళలకు బస్సు ప్రయాణం ఉచితమైంది. కూలికి, బడికి, ఆసుపత్రికి పోయే ఆడవాళ్ల జీవితంలో అది తెచ్చిన మార్పు చిన్నది కాదు. బస్సుల సంఖ్య ఆ మేరకు పెరగకపోవడం వల్ల ఫుట్‌బోర్డు మీద వేలాడే ప్రయాణం మాత్రం మిగిలింది. పార్కింగ్ సొమ్ము పోవాల్సిన చోటు ఇదే. కార్పొరేషన్ సాధారణ ఖాతాలో కలిసిపోతే ఆ డబ్బు ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. వేరే ఖాతా ఉండాలి. ఏ వీధిలో ఎంత వచ్చింది, దానితో ఏ బస్సు, ఏ బస్‌షెల్టర్, ఏ ఫుట్‌పాత్ వచ్చింది అన్నది ప్రతి మూడు నెలలకూ డివిజన్ల వారీగా ప్రకటించాలి. ఢిల్లీ చేసిన తప్పు వరంగల్ చేయనక్కర్లేదు.

అసలు రద్దీ రుసుము ఎక్కడైనా పెట్టాలనుకుంటే తెలంగాణలో దానికి తగిన చోటు ఒక్కటే, హైదరాబాద్ ఐటీ కారిడార్. అక్కడి కార్లలో చాలా వాటిలో ఒక్క మనిషే ఉంటాడు. జీతాలు ఉన్నాయి, పని వేళలు మార్చుకునే వీలుంది, ఇంటి నుంచి పనిచేసే అలవాటుంది, రాయదుర్గం దాకా మెట్రో ఉంది. దుర్గం చెరువు తీగల వంతెన 2020లో వచ్చింది, షేక్‌పేట ఫ్లైఓవర్ 2022లో వచ్చింది, ఇంకా ఎన్నో వచ్చాయి. ప్రతి కొత్త ఫ్లైఓవర్ కొన్నాళ్లు ఊపిరి పోసింది, ఆ తర్వాత కొత్త కార్లను పిలిచింది. అయితే అక్కడ కూడా రాయదుర్గం స్టేషన్‌లో దిగినవాడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా పోవడానికి ఆటోవాడిని బతిమాలుకోవాల్సిన పరిస్థితి పోవాలి. ముందు ఆ మధ్య దూరానికి ఐదు నిమిషాలకో బస్సు నడపాలి. ఆ తర్వాత స్టాక్‌హోమ్ చేసినట్టు ఆరేడు నెలల ప్రయోగం. నలుగురున్న కారుకు రుసుము వద్దు. సరుకు బండికి వద్దు. లెక్కలన్నీ బయటపెట్టి, ప్రయోగం ఆపి, జనాన్ని అడగాలి. వద్దంటే మానేయాలి.

వరంగల్‌లో మొదలుపెట్టడానికి అంత దూరం చూడనక్కర్లేదు. జేపీఎన్ రోడ్డు, స్టేషన్ రోడ్డు, ఎంజీఎం ముందు రోడ్డు, ఈ మూడు చాలు. కార్పొరేషన్, ట్రాఫిక్ పోలీసు, ఆర్టీసీ, వ్యాపార సంఘాలు, కొత్తవాడ నేత సహకార సంఘాలు ఒక బల్ల చుట్టూ కూర్చోవాలి. ఏ మలుపులో కారు నిలపకూడదో, ఏ వేళ ట్రాలీకి చోటు వదలాలో, గంటకు ఎంత తీసుకోవాలో వీధి వీధికీ తేల్చాలి. పత్తి బండ్లు ఎనుమాములకు బారులు తీరే అక్టోబర్ నాటికి ఆ గీతలు రోడ్డు మీద పడాలి.